గుమ్‌నాన్ పిన్నికి ఒక కాగితం

తన స్నానశాల మూసెయ్యమని ఉత్తర్వు ఇప్పించమంటూ తక్ సాంగ్‌గు గారు మా వార్డు ఆఫీసుకి వచ్చారు. అది మహమ్మారి మొదలైన రెండో శీతాకాలం. మూయించవద్దని బతిమాలుకోవడానికి వచ్చేవాళ్ళని రోజూ చూస్తున్నాను. మూయించమని వచ్చినవాడు ఆయనొక్కడే.

నేను చిన్న వ్యాపారాల సెక్షన్‌లో గుమాస్తాని. పేరు మోక్ యున్‌సిల్. ఈ రేవు పట్నంలోనే, ఈ కొండవాలులోనే పుట్టాను. ఆయన నడిపే యోన్‌హ్వా స్నానశాలలో ప్రతి ఆదివారం మా అమ్మ నన్ను వేడినీటి తొట్టిలో నానబెట్టి, ఏడుస్తున్నా వినకుండా ఒళ్ళు రుద్దించేది. అందుకని తక్ గారు నన్ను మేడం అనీ అంటారు, అమ్మాయ్ అనీ అంటారు.

ఆయన నా కౌంటరు ముందు ప్లాస్టిక్ తెరకి అవతల కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"రెండు లైన్లు చాలు మేడం. నీ స్నానశాల మూసెయ్ అని రాసి ముద్ర కొట్టండి."

ఆయన బాధ నాకు తెలుసు. పక్క వీధిలో, జనం వచ్చి పాడుకునే పాటల గదులు అద్దెకిచ్చేవాడిని ప్రభుత్వమే మూయించింది కాబట్టి వాడికి సాయం అందుతోంది. స్నానశాలల్లో ఆవిరి గది ఆర్పెయ్యమన్నారు, ఒళ్ళు రుద్దడం నిషేధించారు, ఒకసారికి పదిమందికి మించి రానివ్వొద్దన్నారు. కానీ మూయమనలేదు. కొండ పైన ఇళ్ళల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి వేడినీళ్ళు ఉండవు, వాళ్ళు స్నానం ఎక్కడ చేస్తారని ఆలోచించి తెరిచి ఉంచమన్నారు. మంచి ఆలోచనే. అయితే తెరిచి ఉంచినవాడికి మూసినవాడి సాయం రాదు. తనంతట తాను మూసుకున్నా రాదు.

ఆ మాటే మెల్లగా చెప్పాను. "కొండ మీద వాళ్ళ కోసం ఉంచమన్నారు బాబాయ్."

"ఉంచమన్నవాళ్ళు బాయిలర్‌లో గ్యాసు కూడా పొయ్యాలి కదమ్మా. పదకొండు మంది వస్తున్నారు రోజుకి. పదకొండు మందికైనా, నూట పదకొండు మందికైనా తొట్టి నిండా నీళ్ళు కాగాల్సిందే. కావాలంటే సగం తొట్టిలో కూర్చోమని చెప్పనా వాళ్ళని?"

అర్జీ రాయించుకుని, పైకి పంపుతానన్నాను. ఆయన లేచి, టోపీ పెట్టుకుని, వెళ్ళబోతూ ఆగారు. తన సంగతి అలా ఉంచి గుమ్‌నాన్ సంగతి చూడమన్నారు. ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి, రుద్దే బల్ల కడిగి, ఎవరూ రాకపోయినా సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుని వెళ్తోందట.

ప్యో గుమ్‌నాన్ యోన్‌హ్వాలో ఆడవాళ్ళ వైపు ఒళ్ళు రుద్దే మనిషి. అప్పటికి యాభై ఏడేళ్ళు. ఇరవై మూడేళ్ళుగా అదే పని. కొండవాలులో ఆడవాళ్ళందరికీ ఆవిడ పిన్నే. వీపు మీద చెయ్యి వేసి ఈ నెలలో నీకు నిద్ర సరిగా లేదని చెప్పేది. పెళ్ళికూతుళ్ళని రుద్దింది, బాలింతలని రుద్దింది, చివరి రోజుల్లో మా అమ్మని కూడా రుద్దింది. రుద్దడం నిషేధించిన రోజు నుంచి ఆవిడ సంపాదన పూర్తిగా ఆగిపోయింది. అప్పటికి అది నాలుగో నెల.

మరుసటి వారం నేను సెలవు పెట్టి ఆవిడని బస్సులో ఆఫీసుల చుట్టూ తిప్పాను. కార్మిక శాఖలో, ఆవిడకి జీతం ఇచ్చేవాడు లేడు కాబట్టి ఆవిడ పనివాళ్ళ కిందికి రాదన్నారు. వచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళు ఆవిడ చేతికే ఇచ్చి వెళ్ళేవాళ్ళు మరి. అయితే ఆవిడ వ్యాపారి, చిన్న వ్యాపారుల సహాయ కేంద్రానికి వెళ్ళమన్నారు. ఆ కేంద్రంలో వ్యాపార నమోదు పత్రం అడిగారు. అలాంటిది ఒకటి ఉంటుందనే ఆవిడకి తెలియదు. పన్ను ఆఫీసులో పాపం మంచిగానే మాట్లాడారు. నమోదు ఇవాళే చేసిస్తామన్నారు, కానీ దాని మీద ఇవాళ్టి తేదీయే పడుతుంది. సాయమేమో జబ్బు రాకముందు నుంచీ వ్యాపారం చేస్తున్నవాళ్ళకి. ముందు నుంచీ చేస్తున్నట్టు ఏదైనా ఆఫీసు ముద్ర ఉన్న కాగితం తెస్తే ఆలోచిస్తామన్నారు. మళ్ళీ కార్మిక శాఖకి వెళ్తే, స్నానశాల యజమాని ఈవిడ మా దగ్గర పనిచేసిందని రాసిస్తే చాలన్నారు.

తిరుగు బస్సులో గుమ్‌నాన్ పిన్ని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇరవై మూడేళ్ళు నీళ్ళల్లో నానిన ఆ వేళ్ళు, నాలుగు నెలలు పొడిగా ఉండేసరికి పగిలి పొరలు లేస్తున్నాయి.

"వాళ్ళ లెక్కలో నేను పనిదాన్నీ కాదు, వ్యాపారినీ కాదు," అంది. "మరి ఇన్నేళ్ళూ నీ వీపు రుద్దింది ఎవరే అమ్మాయ్?"

తక్ గారిని కాగితం అడగమని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. నేనే వెళ్ళి అడిగాను. ఆయన కింద బాయిలర్ గదిలో స్టూలు మీద ఉన్నారు. అక్కడే ఉండడం అలవాటైపోయింది, అక్కడొక్కచోటే వెచ్చగా ఉండేది. విషయం చెప్పాను. ఆవిడ తన దగ్గర పనిచేసిందని రాసి సంతకం పెడితే, ఇరవై మూడేళ్ళ బీమా వాటా ఎందుకు కట్టలేదని అదే కార్మిక శాఖ రేపు ఆయన మెడ మీద కూర్చుంటుంది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"రాసిస్తే నేను మునుగుతాను. రాయకపోతే ఆవిడ మునుగుతుంది," అన్నారు. "నువ్వు ఆఫీసరువి కదా, చెప్పు. ఎవర్ని ముంచమంటావు?"

కాగితం మాట మళ్ళీ ఎత్తకుండా ఆయన లేచి, గ్యాసు మంట ఇంకాస్త తగ్గించారు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఒక ప్రతిపాదన రాశాను. కొండ మీద ముసలివాళ్ళకి స్నానాల టిక్కెట్లు వార్డే కొని పంచాలి. ఆ సొమ్ముతో యోన్‌హ్వా బాయిలర్ మండుతుంది. మంచం పట్టినవాళ్ళకి ఇంటికే వెళ్ళి స్నానం చేయించే పని గుమ్‌నాన్‌కి ఇవ్వాలి. దీనికి మూడు విభాగాలు ఒప్పుకోవాలి. మాదీ, సంక్షేమమూ, ఆరోగ్యమూ. మా సెక్షన్ అధికారి యోమ్ గారు రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి, దేనికీ ముందుకు రారు, దేన్నీ ఆపరు. చదివి, సమావేశం పెట్టుకో అన్నారు.

జనవరి చివర్లో సమావేశం జరిగింది. ఒక్కొక్కరం రెండేసి మీటర్ల దూరంలో కూర్చున్నాం. ఆలోచన చాలా బాగుందని అందరూ అన్నారు. ఆ తరవాత, ఇది ఒక వ్యాపారాన్ని ఆదుకోవడం కాబట్టి మా పద్దు కిందికి రాదని సంక్షేమం వాళ్ళు అన్నారు. స్నానం సంక్షేమమే కాబట్టి వ్యాపారాల పద్దులోంచి ఇవ్వడం కుదరదని మా పై ఆఫీసు నుంచి వచ్చినాయన అన్నాడు. ఎవరి పద్దయినా సరే, ఒక మనిషి ఇంకో మనిషి ఒళ్ళు ముట్టుకోవడానికి తాము ఒప్పుకోమని ఆరోగ్య విభాగం అమ్మాయి అంది. ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. కళ్ళ కింద నల్లగా చారలు కట్టి, ఏడాదిగా ఇంటికి సరిగా వెళ్ళనిదానిలా ఉంది. నలభై నిమిషాల్లో అయిపోయింది. విభాగాలన్నీ పరస్పరం సహకరించుకోవాలని తీర్మానించినట్టు నేనే నా చేత్తో రాశాను.

ఫిబ్రవరిలో మహమ్మారి నిబంధనల తనిఖీ డ్యూటీలు అన్ని సెక్షన్ల వాళ్ళకీ వంతులవారీగా వేశారు. నా వంతు వచ్చిన రోజున మధ్యాహ్నం ఫోను మోగింది. కొండ మీద ఫలానా నంబరు ఇంట్లో ఒకావిడ డబ్బులు తీసుకుని ఒళ్ళు రుద్దుతోందని ఎవరో చెప్పి, పేరు చెప్పకుండా పెట్టేశారు. ఆ సందులోనే ముందు వారం రెండు కేసులు బయటపడ్డాయి. నంబరు వినగానే గుర్తుపట్టాను. అది నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఓక్‌బున్ అవ్వ ఇల్లు. తుంటి ఎముక విరిగి అవ్వ లేవలేని స్థితిలో ఉంది.

రెండు వందల మెట్లు ఎక్కి వెళ్ళాను. వంటింటి నేల మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద అవ్వ పక్కకి తిరిగి పడుకుని ఉంది. బొగ్గు పొయ్యి మీద డేగిసాలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. గుమ్‌నాన్ పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కుకి మాస్కు, చేతికి ఆకుపచ్చ రుద్దుడు గుడ్డ తొడుక్కుని, అవ్వ వీపు మీద పైనుంచి కిందికి పొడుగ్గా లాగుతోంది. నన్ను చూసింది. నా మెడలో వేలాడుతున్న తనిఖీ బిళ్ళనీ చూసింది. చెయ్యి ఆగలేదు.

"సగం వీపే అయింది. మిగతా సగం కూడా కానివ్వు, తరవాత రాసుకో," అంది.

మిగతా సగం అయ్యేదాకా నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆవిడ గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తటి తువ్వాలుతో ఒత్తి తుడిచి, అవ్వకి లోపలి చొక్కా తొడిగింది. అవ్వ నా వైపు తల తిప్పింది.

"ఏడు వారాలైంది నా ఒంటి మీద నీళ్ళు పడి. నా వాసన నాకే వచ్చేది. ఆ ఫైనేదో నా మీద రాయవే, యున్‌సిల్."

అవ్వ మీద రాయడానికి వీల్లేదు. అచ్చు ఫారం బయటికి తీశాను. ఉల్లంఘించినవారి పేరు, చోటు, వృత్తి, ఎప్పటి నుంచి, డబ్బు తీసుకున్నారా లేదా. అక్కడికి వచ్చేసరికి నా కలం ఆగింది. బయట ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించాను.

"పిన్నీ, ఊరికే చేశానని చెప్పు. తెలిసిన ముసలామెకి సాయం చేశానని చెప్తే ఇది కేసే కాదు. నేనిట్నించిటే దిగి వెళ్ళిపోతాను."

గుమ్‌నాన్ పిన్ని గుడ్డ పిండి, విదిలించి, డేగిసా అంచు మీద ఆరేసింది. అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"ఊరికే ఎందుకు చేస్తాను? ఇది నా పని. అవ్వ నాకు డబ్బు ఇచ్చింది, నేను తీసుకున్నాను. రాయి."

"పిన్నీ."

"ఇరవై మూడేళ్ళుగా ఎవరికీ ఊరికే చెయ్యలేదు, తల్లీ. మీ అమ్మకి కూడా. రాయి."

రాశాను. వృత్తి, ఒళ్ళు రుద్దే పని. చోటు, యోన్‌హ్వా స్నానశాల ఆడవాళ్ళ విభాగం, ప్రస్తుతం ఇళ్ళ వద్ద. ఎప్పటి నుంచి, ఇరవై మూడేళ్ళుగా. ఆవిడ సంతకం పెట్టింది. కింద నా సంతకం, వార్డు ముద్ర. తన నకలు మడిచి జేబులో పెట్టుకుని, పొయ్యి ఆర్పడానికి వంగింది. నేను మెట్లు దిగుతూ వచ్చాను. కింద రేవులో క్రేన్లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. శీతాకాలమంతా ఆవిడకి సాయం చేద్దామని తిరిగి, చివరికి నా చేత్తో ఆవిడకి ఇచ్చింది జరిమానా కాగితం.

మర్నాడు ఆ కేసుని కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. వృత్తి గడిలో ఒళ్ళు రుద్దేవారు అని కొడితే వెంటనే ఒక కోడ్ వచ్చింది. సాయం దరఖాస్తులో నెలల తరబడి అదే మాట కొడుతుంటే, అలాంటి వృత్తి లేదని వచ్చేది. రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తరవాత ఆఫీసు నకలు తీసి మళ్ళీ చదివాను. ప్యో గుమ్‌నాన్ ఇరవై మూడేళ్ళుగా ఈ పని చేస్తోందని ప్రభుత్వం ముద్ర వేసి చెప్పిన మొట్టమొదటి కాగితం అది.

దాన్ని పట్టుకుని యోమ్ గారి గదికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఆయన దేనికీ ముందుకు రారని చెప్పాను కదా. ఆ రోజు కుర్చీలోంచి లేచి కోటు వేసుకున్నారు.

"జరిమానా వెయ్యడానికి ఆవిడ వ్యాపారి, సాయం చెయ్యడానికి మాత్రం కాదట. ఈ ముక్క సాయం లేదన్నవాళ్ళ నోటితోనే అనిపిస్తాను, పద," అన్నారు.

ఒక్కసారితో అవలేదు. సహాయ కేంద్రానికి మూడుసార్లు, పన్ను ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళారు. నేరం చేసిందన్న కాగితాన్ని అర్హతగా ఎలా చూస్తామని ఒకచోట నవ్వారట. నవ్విన మనిషితోనే, అయితే ఆవిడ ఆ పని చెయ్యలేదని రాసివ్వు, జరిమానా కొట్టేస్తామని అన్నారట యోమ్ గారు. అది రాసివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఈ లోపల మార్చి వచ్చింది. మార్చి మొదటి సోమవారం తక్ గారు మళ్ళీ నా కౌంటరుకి వచ్చారు. ఈసారి ఉత్తర్వు అడగలేదు. స్నానశాల శాశ్వతంగా మూసేస్తున్నట్టు ఫారం నింపి తెచ్చారు. ఇంకొక్క నెల ఆగమన్నాను, టిక్కెట్ల ప్రతిపాదన ఇంకా బతికే ఉందన్నాను. గ్యాసు కంపెనీ ఆగదమ్మా అన్నారు. కోపంగా అనలేదు. నిన్న సాయంత్రం చివరిసారి తొట్టి నీళ్ళు వదిలేశాననీ, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ తొట్టి అడుగు పొద్దున పూట పొడిగా చూశాననీ చెప్పారు. నేను ఫారం మళ్ళీ మొదటి నుంచి చదవసాగాను. తెర కింద నుంచి చెయ్యి పెట్టి ఆయనే ముద్ర నా వైపు జరిపారు.

ఆ తరవాత పది రోజులు సంక్షేమం వాళ్ళ ఫోన్లు ఆగకుండా మోగాయి. కొండ మీద వాళ్ళు స్నానానికి ఎక్కడికి వెళ్ళాలని అడుగుతున్నారు. ఒక తాత ఇంట్లోనే నీళ్ళు కాచుకోబోయి కాలు కాల్చుకున్నాడు. జనవరిలో ఎవరి పద్దో తేలని స్నానాల టిక్కెట్లు ఏప్రిల్ రెండో తేదీకల్లా మంజూరయ్యాయి. మూడు విభాగాల సంతకాలూ ఒకే పూటలో పడ్డాయి. టిక్కెట్లు అచ్చయి పెట్టెల్లో మా ఆఫీసుకి వచ్చాయి. దగ్గర్లో మిగిలిన ఒకే ఒక్క స్నానశాల మూడు బస్సు స్టాపుల అవతల ఉంది. మెట్లే దిగలేనివాళ్ళు అక్కడికి వెళ్ళలేరు. పెట్టెలు మా బీరువా పక్కన అలాగే ఉండిపోయాయి.

గుమ్‌నాన్ పిన్నికి సాయం మార్చి ఆఖర్లో మంజూరైంది. ఒకసారికి మాత్రమే. ఆవిడ అంతకుముందే, ఎవరి దగ్గర తెచ్చిందో గానీ, జరిమానా గడువులోగా కట్టేసింది. మంజూరు పత్రం నేనే ఇంటికి తీసుకెళ్ళాను. గది ఖాళీ చేస్తోంది. దక్షిణాన ఒక దీవిలో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని దొరికిందట, వాళ్ళ అక్క అక్కడే ఉంటుందట. పత్రం తీసుకుని, కూర్చోమని చెప్పి, బార్లీ టీ పోసిచ్చింది. క్షమించమని అడగడానికి నేను మాటలు కూడబలుక్కుంటుంటే ఆవిడే అందుకుంది.

"ఫైన్ రాశావని నాకేం కోపం లేదు. అది నీ ఉద్యోగం. ఊరికే చేశానని చెప్పమన్నావు చూడు, అది మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది."

టీ తాగి వచ్చేశాను.

మే నెలలో ఓక్‌బున్ అవ్వ పోయింది. వైరస్ వల్ల కాదు, ముసలితనం వల్ల. ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం తరవాత ఆవిడకి ఇంకో స్నానం జరగలేదు.

ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించే పనికి ఆరోగ్య విభాగం వేసవి చివర్లో ఒప్పుకుంది, టీకా వేసుకున్న మనిషి అయితేనే అనే షరతుతో. కళ్ళ కింద చారలున్న ఆ అమ్మాయే కొండెక్కి నాలుగిళ్ళు చూసి వచ్చి, తనే సంతకం పెట్టింది. నేను దీవికి ఫోను చేశాను. వెనకాల కత్తుల చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. పని గురించి, నెల జీతం గురించి, బీమా గురించి చెప్పాను. గుమ్‌నాన్ పిన్ని మొదట వద్దంది. అక్కడ చలి ఎక్కువే గానీ ఎవరూ ఏ కాగితమూ అడగరంది. రెండు వారాల తరవాత తనే ఫోను చేసి, ఆ ఇళ్ళల్లో ఎవరెవరున్నారో పేర్లు చదవమంది. చదివాను. తెలిసిన పేర్ల దగ్గర ఊఁ కొట్టింది. మూడు పేర్లకి, వాళ్ళనింకా నేను ఒకసారి కూడా రుద్దలేదే అంది. సెప్టెంబరులో వచ్చింది.

తక్ గారు ఇప్పుడొక అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నారు. యోన్‌హ్వా చోటు ఎవరో కొన్నారు. పొగ గొట్టం ముందు కూల్చి, తరవాత గోడలు కూల్చారు. యోమ్ గారు రిటైరయ్యారు.

గుమ్‌నాన్ పిన్ని రోజుకి నాలుగిళ్ళు చెయ్యగలదు, మెట్లెక్కువగా ఉన్న రోజున మూడే. జాబితాలో ఇప్పుడు నలభై ఒక్క మంది ఉన్నారు. రెండో మనిషి కావాలని అడుగుతూ ఈ ఏడు నేను మూడుసార్లు రాశాను. మూడు విభాగాలూ పరిశీలిస్తున్నాయి. జాబితా అడుగున ఉన్నవాళ్ళు ఫోను చేసి పిన్ని ఎప్పుడొస్తుందని అడుగుతారు. వచ్చే నెల అని చెప్పి పెట్టేస్తాను. కిందటి నెలా అదే చెప్పాను.